రైల్లేని దీవిలో రేకు రైలు

మొన్న మా తమ్ముడి మనవడు తన స్నేహితుణ్ణి వెంటబెట్టుకుని పోర్ట్ బ్లెయిర్ షాదీపూర్‌లో మా ఇంటికి వచ్చాడు. మద్రాసులో పెరిగిన తెలుగు కుర్రాడు. పాత ఆటబొమ్మలు వెతికి కొనడం, మోజున్నవాళ్లకి అమ్మడం అతని పని. రేకు కార్లు, రేకు ఓడలు, తప్పెట కొట్టే రేకు కోతులు, వీటికోసం ఊళ్లు పట్టుకుని తిరుగుతాడట. మా ఇంట్లో ఒక రేకు రైలుందని మావాడు నోరు జారేసరికి, బీచి చూడ్డానికి వచ్చినవాడు బీచి మానేసి మా ఇంట్లో కూర్చున్నాడు.

అలమరలోంచి రైలు తీసి అతని ముందు పెట్టాను. ఎర్రటి ఇంజను, దాని వెనక రెండు ఆకుపచ్చ పెట్టెలు. అతను వెంటనే ముట్టుకోలేదు. ముందు చేతులు రుమాలుతో శుభ్రంగా తుడుచుకున్నాడు. ఆ ఒక్క పనితో నాకు అతని మీద మంచి అభిప్రాయం కలిగింది. తర్వాత ఇంజన్ని పసిపిల్లని బోర్లా వేసినంత మెల్లగా తిరగేసి, భూతద్దం పెట్టి అడుగున చూశాడు.

"ఇదిగో పెద్దమ్మా, ఇక్కడ సన్నగా జపాన్ అని ఉంది. యుద్ధం అయిన కొత్తల్లో చేసుంటారు. ఈ రంగు బ్రష్షుతో వేసింది కాదు. రేకు మీద ముందు బొమ్మ అచ్చుకొట్టి, ఆ తర్వాత వంచారు. ఎక్కడా మాటేసి అతికింది లేదు, చూడండి. ఈ రేకు నాలుకల్ని సందుల్లోంచి దూర్చి మడత పెట్టారు. ఈ మడతలు ఒక్కసారి కూడా విప్పినట్టు లేదు. అంటే లోపలి మర అసలుదే. తాళంచెవి కూడా దీనిదేనా?"

"దీనిదే."

"ఇంత ఉప్పుగాలిలో తుప్పు పట్టకుండా ఎలా ఉంచారండీ?"

"మా అమ్మ కొబ్బరినూనె గుడ్డతో తుడుస్తూ ఉండేది. అమ్మ తర్వాత నేను."

ఇలాంటి వాటికి విలువ ఎలా కడతారో అతను ఎంతో ఇష్టంగా చెప్పుకొచ్చాడు. సొట్టలున్నాయా, మర తిరుగుతోందా, బొమ్మ వచ్చిన అట్టపెట్టె ఉందా అని చూస్తారట. అన్నిటికంటే ముఖ్యం, మొదటి రంగు మీద ఇంకో రంగు పడకూడదట. ఆ మాట అంటూనే వెనక పెట్టె తిప్పి చూసి ఆగిపోయాడు.

"అయ్యో. ఈ చివరి కిటికీలో ఎవరో చేత్తో బొమ్మ వేశారే! పడవలకి కొట్టే రంగులా ఉంది, ఇంత మందంగా. ఇది లేకపోతే దీని విలువే వేరు. ఫరవాలేదు పెద్దమ్మా, కాస్త స్పిరిట్ అద్ది తుడిస్తే కింద అసలుది బయటపడుతుంది." సంచిలోంచి సీసా, దూది తీశాడు.

"చెయ్యి తియ్యి బాబూ," అన్నాను.

అంత గట్టిగా అంటానని నేనూ అనుకోలేదు. మావాడు కంగారుపడ్డాడు. ఆ కుర్రాడు సీసా మూత బిగించి, తప్పు చేసినట్టు రైలు నా చేతికిచ్చేశాడు. దాన్ని అలమరలో పెట్టి, ఇద్దరికీ టీ, జంతికలు ఇచ్చాను. వెళ్లబోతూ గుమ్మంలో ఆగి, "ఆ కిటికీలో ఉన్నది ఎవరండీ?" అని అడిగాడు.

"మా చుట్టమే," అన్నాను. చెబితే చాలా ఉంది. వాళ్లకి బీచికి పొద్దుపోతోంది. వాళ్లు వెళ్లాక నేను మాత్రం చాలాసేపు ఆ కుర్చీలోంచి లేవలేదు.

అప్పట్లో మేము జంగ్లీఘాట్‌లో ఉండేవాళ్లం. ఇప్పుడున్న జెట్టీ లేదు, సిమెంటు రోడ్డు లేదు. బురద ఒడ్డు, ఆ ఒడ్డు వెంట ధానీ అనే తాటిలాంటి చెట్టు ఆకు కప్పిన ఇళ్లు. నాన్న, చిన్నాన్న, నానమ్మ భీమిలి అవతల పల్లె నుంచి ఓడెక్కి వచ్చినవాళ్లు. తర్వాత నాన్న వెళ్లి అమ్మను పెళ్లి చేసుకుని తెచ్చుకున్నాడు. నేనూ తమ్ముడూ ఇక్కడే పుట్టాం. మనుషులు ఓడలో వస్తారు, బియ్యం ఓడలో వస్తుంది, ఉల్లిపాయలు ఓడలో వస్తాయి, ఊరొదిలి పోయేవాళ్లు ఓడలోనే పోతారు. మాకు తెలిసిన లోకంలో కదిలేవన్నీ నీళ్ల మీదే కదిలేవి.

ఆ రోజులు తలుచుకుంటే ముందు వాసనలొస్తాయి. చాతాం కర్రకోత మిల్లు వైపు నుంచి గాలి తిరిగితే పచ్చి కర్రపొట్టు వాసన. పడవ సందులకి పూసే తారు కాగుతున్న వాసన. చూరు కింద ఎండీ ఎండని నెత్తళ్ల చేపల వాసన. వీటన్నిటి మీదా వాన వాసన. మా దగ్గర వాన మొదలైతే ఇంట్లో మనిషిలా ఉండిపోతుంది. పొద్దున లేస్తే వాన, అన్నం తింటుంటే వాన, నానమ్మ కథ చెబుతుంటే మధ్యలో ఊఁ కొడుతున్నట్టు చూరు మీద వాన. గాలి ఎక్కువైన రోజుల్లో పడవలన్నీ ఒడ్డుకెక్కి బోర్లా పడుకునేవి.

అలాంటి ఒక వానాకాలం మధ్యాహ్నం నాన్న చాతాం వైపు నుంచి తడిసి ముద్దై వచ్చాడు. చంకలో గోనెపట్టాలో చుట్టిన మూట. కర్ర ఎక్కించుకోవడానికి ఎక్కడిదో పెద్ద ఓడ వచ్చిందట. దాని పక్కనుంచి నాన్న డోంగీ పడవలో వస్తూ ఉంటే, ఓడ వంటవాడు పైనుంచి చూసి, నాన్న పట్టిన వంజరం చేప కావాలని సైగ చేశాడట. చేప బుట్టలో పెట్టి పైకి పంపితే, అదే బుట్టలో ఈ మూట కిందకి దిగింది.

అమ్మ మూట విప్పింది. లోపల రైలు.

"వంజరం సేపిచ్చీసి రేకు ముక్క తెచ్చినావా? కూరొండమంటావా దీన్ని?"

"పిల్లలాడుకుంతారని..." అన్నాడు నాన్న.

"అయితే ఆల కంచాల్లోనే ఎయ్యి."

ఆ పూట అందరం ఎండు నెత్తళ్ల పులుసుతో అన్నం తిన్నాం. నాన్న ఆ పులుసును ఉండాల్సినదానికంటే ఎక్కువగా మెచ్చుకున్నాడు. అమ్మ నవ్వు ఆపుకుంటూ అటు తిరిగి కూర్చుంది.

తాళంచెవి తిప్పి వదిలితే రైలు కిర్రుమని కదిలేది. ముందు చక్రాలు కాస్త వంకర కావడంతో తిన్నగా పోకుండా గుండ్రంగా తిరిగి మా దగ్గరికే వచ్చేది. పెట్టెల కిటికీల్లో మనుషులుండేవారు. ఈకల టోపీ దొరసాని, పేపరు చదువుకునే మీసాలాయన, రిబ్బను కట్టుకున్న పిల్ల, ఒకరి భుజం మీదనుంచి ఒకరు తొంగిచూసే అన్నదమ్ములు. నేను నేల మీద చెంప ఆనించి పడుకుని, ఆ కిటికీలు నా కంటి ముందు నుంచి జరిగిపోతూ ఉంటే చూసేదాన్ని. అలా చూస్తూ ఉంటే కాసేపటికి రైలు ఆగిపోయినట్టు, నేనూ మా ఇల్లూ నానమ్మ మంచమూ కదిలి ఎటో వెళ్లిపోతున్నట్టు ఉండేది. వెనక పెట్టె చివరి కిటికీలో మాత్రం ఎవరూ లేరు. మడత పెట్టిన తెర, దాని వెనక నీలం రంగు. అంతే.

రైలంటే ఏమిటో నాకు బడి వాచకంలో బొమ్మగా తెలుసు. తమ్ముడికి అదీ తెలీదు.

"భూమ్మీదెల్లే ఓడరా," అంది నానమ్మ.

"కింద నీల్లు నేకపోతే ఎలగెల్తాది?"

"ఇనప పట్టాలుంటాయి. ఆటి మీదెల్తాది."

"ఇనుం ములిగిపోదా?"

నానమ్మ ఆలోచించింది. "నానెక్కినానేటి? ఇశాపట్నంలో దూరంనుంచి పొగ సూసినాను. పొగైతే బాగుంది."

పొగ అనగానే మా ఇద్దరికీ ఒకటే ఆలోచన వచ్చింది. నానమ్మ చుట్టని నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని కాల్చేది. మేము ఇంజన్ని తీసుకెళ్లి ఆమె గడ్డం కింద పెట్టి, "నానమ్మా, పొగెట్టవే" అని వెంటపడేవాళ్లం. ఆమె తిడుతూ తిడుతూనే గొట్టంలోకి గుప్పున ఊదేది. లోపలికెళ్లిన పొగ మర సందుల్లోంచి, తాళంచెవి బొక్కలోంచి మెల్లగా బయటికొచ్చేది. ఎండు నెత్తళ్లు సరుకుగా పెట్టెల మీద పేర్చి, మేము కేకలు పెట్టేవాళ్లం. రైలు స్టేషన్ల పేర్లు మాకేం తెలుసు? "చాతాం! హాడో! బంబూఫ్లాట్!" అని జెట్టీల పేర్లే అరిచేవాళ్లం. మధ్యాహ్నం నానమ్మ నిద్రపోతూ ఉంటే ఆమె పొట్ట మీద కూడా నడిపాం. అక్కడ ఎత్తుపల్లాలకి రైలు పడిపోయింది. మాకు దెబ్బలు పడ్డాయి.

చిన్నాన్న ఈ గోలంతా వింటూ బయట పాక కింద పడవలకి రంగులు వేసుకునేవాడు. నాన్నకంటే బాగా చిన్నవాడు. మాట చాలా తక్కువ. ఆయన గీసిన గీత ముక్కు నుంచి తోక దాకా ఎక్కడా వణికేది కాదని చుట్టుపక్కల పడవలన్నీ ఆయన దగ్గరికే వచ్చేవి. నానమ్మ పెళ్లి మాట ఎత్తిందంటే మాత్రం బోర్లించిన పడవ కిందకి దూరి, అడుగున ఏదో పని ఉన్నట్టు బయటికి వచ్చేవాడు కాదు.

సంత రోజున ఫెరార్గంజ్ వైపు నుంచి లారీలో కూరగాయలు వచ్చేవి. ఆ లారీలోనే ఒక బెంగాలీ ఆమె వచ్చేది. మేము హిందీలో పిన్ని అన్నట్టు మౌసీ అని పిలిచేవాళ్లం. పాకిస్తాన్ వేరైపోయినప్పుడు ఊరొదిలి వచ్చినవాళ్లకి సర్కారు అక్కడ అడవి కొట్టించి పొలాలిచ్చింది. మౌసీ, ఆమె ముసలి మామగారు అలా వచ్చినవాళ్లే. ఆమె గుమ్మడికాయో బచ్చలికూరో అమ్మకిచ్చి చేపలు తీసుకునేది. నుదుట సింధూరం, చేతులకి తెల్లటి శంఖు గాజులు. "నీ మొగుడేడే?" అని నానమ్మ అడిగితే, "ఆతా హై" అనేది. వస్తున్నాడని. ఎప్పుడడిగినా అదే మాట.

ఒకరోజు మౌసీ బుట్ట దించి తల తుడుచుకుంటోంది. మేము రైలు వదిలాం. అది గుండ్రంగా తిరిగి వెళ్లి ఆమె కాలి వేలికి తగిలి ఆగింది. ఆమె కిందకి చూసింది. అలాగే చూస్తూ తడి నేల మీద కూర్చుండిపోయింది.

"క్యా హువా మౌసీ?" అన్నాను, ఏమైందని.

అమ్మకి, నానమ్మకి హిందీ అంతంతమాత్రం. బడికెళ్లే పిల్లని గనక వాళ్లకి ఆమె మాటలు నేనే తెలుగులో చెప్పాను. ఆమె ఒక్కో ముక్కా ఆగి ఆగి చెప్పింది. నేనూ అలాగే చెప్పాను.

వాళ్లు రైల్లో వచ్చారట. పెట్టెలో కాలు పెట్టే చోటు లేదు. ఒక చిన్న స్టేషన్లో బండి ఆగింది. మామగారు దాహం అన్నాడు. ఆమె భర్త లోటా పట్టుకుని దిగాడు. కొళాయి దగ్గర జనం. ఇంతలో బండి కదిలింది. ఆయన లోటా పట్టుకునే పరుగెత్తాడు.

"లోటా పడేసుంటే ఎక్కేవాడు," అంది మౌసీ. "రెండు చేతులూ కావాలి కదా ఎక్కడానికి. నాన్నకి నీళ్లు కదా, ఒలికిపోతాయని పడెయ్యలేదు. నేను కిటికీలోంచి పడేసెయ్, పడేసెయ్ అని అరుస్తూనే ఉన్నాను."

కలకత్తాలో వెతికారు. శరణార్థుల క్యాంపులో ఎదురుచూశారు. తర్వాత ఓడెక్కించి ఇక్కడికి తెచ్చారు. ఆమె రైలు చేతిలోకి తీసుకుని ఒక్కో కిటికీ మీదా వేలు పెడుతూ వచ్చింది. చివరిదాని దగ్గర వేలు ఆగింది.

"యే ఖాలీ హై," అంది.

అమ్మ ఆమె బుట్టలో చేపలు వేస్తూ, వేస్తూ, బుట్ట నింపేసింది.

ఆ తర్వాత మా ఆట మారింది. ఎవరూ చెప్పలేదు, తమ్ముడే మార్చాడు. రైలు ఆగాక తాళం తిప్పే ముందు వాడు నోటికి చెయ్యి అడ్డం పెట్టి అరిచేవాడు. "పానీవాలా ఆగయా?" అని, నీళ్లాయన వచ్చేశాడా అని. నేను "ఆగయా!" అంటేనే తిప్పేవాడు. ఒకసారి మౌసీ ఉండగానే అలా అరిచాడు. అమ్మ వాడి నోరు మూయబోయింది. మౌసీ వద్దంది. కొంగున కట్టిన కొబ్బరి ఉండలు తీసి మా ఇద్దరి చేతుల్లో పెట్టింది.

కొన్ని రోజులకి చిన్నాన్న నన్ను పాక కిందకి పిలిచాడు.

"ఆయనకి మీసాలున్నాయేటే?" అన్నాడు.

"ఎవులికి?"

"ఆయనకే. లోటా ఆయనకి."

నాకు తెలీదన్నాను. చిన్నాన్న ఆలోచించి, నా జడ చివర నుంచి కొన్ని వెంట్రుకలు కత్తిరించి పుల్లకి కట్టాడు. పడవ కుంచెలు ఆ పనికి మరీ లావు. వాన తెరిపిచ్చిన వెలుగులో కూర్చుని, ఊపిరి బిగపట్టి, ఖాళీ కిటికీలో చింతగింజంత మొహం వేశాడు. కిటికీ అంచు మీద ఇత్తడి రంగులో చుక్కంత లోటా పెట్టాడు.

అమ్మ అది చూసింది. "ఆ యమ్మ మనసు కట్టపడతాదిరా. ఎందుకు సేసినావు?" అంది. చిన్నాన్న కుంచె కడుక్కుంటూ కూర్చున్నాడు.

సంత రోజు వచ్చింది. మౌసీ రైలు చూసింది. ఇంట్లో ఎవరూ కదల్లేదు. చిన్నాన్న పడవ కింద ఉన్నాడు, ఆయన పాదాలు మాత్రం బయటికి కనిపిస్తున్నాయి. మౌసీ కిటికీని కళ్లకి దగ్గరగా పెట్టుకుని చూసి, చూసి, చివరికి అంది.

"నాక్ ఐసా నహీ థా."

ముక్కు ఇలా ఉండేది కాదట. నేను పరుగెత్తుకెళ్లి పడవ కిందకి వంగి ఆ సంగతి చెప్పాను. చిన్నాన్న బయటికి వచ్చాడు. "మరెలగుండేదట?" ఆమె తన ముక్కు వేలితో నొక్కి చూపించింది. కొంచెం చప్పిడి ముక్కు. ఆయన అక్కడికక్కడే తుడిచి మళ్లీ వేశాడు.

తర్వాతి సంతకి జుట్టు సరిచేశారు. ఆయనది ఉంగరాల జుట్టట, ఎంత నూనె రాసినా నుదుటి మీద పడేదట. ఆ తర్వాత కనుబొమ్మలు. కనుబొమ్మల గురించి చెబుతూ మౌసీ ఆయన కోపం గురించి చెప్పింది. పిల్లి పాలు తాగేసిందని దాని వెంట పరుగెత్తి చెరువులో పడ్డాడట. చెబుతూ నవ్వింది. ఆమె నవ్వడం మేమెవరం అంతకు ముందు చూడలేదు. చిన్నాన్న నా దగ్గర హిందీ నేర్చుకోవడం మొదలుపెట్టాడు గానీ, ఆమె ముందు ఒక్క మాటే వచ్చేది. "ఔర్?" అనేవాడు. ఇంకా చెప్పమని. ఆమె ఇంకా చెప్పేది. నేను మధ్యలో కూర్చుని అటు మాటలు ఇటు, ఇటు మాటలు అటు చేరవేసేదాన్ని. కొంతకాలానికి నేను లేకపోయినా వాళ్లకి ఇబ్బంది ఉండేది కాదు.

ఒక రోజు మౌసీ రైలు చేతిలోకి తీసుకుని, "బస్, యహీ హై," అంది. అంతే, ఇతనే అని. రైలు కింద పెట్టి, చేపలు కూడా తీసుకోకుండా వెళ్లిపోయింది.

తర్వాతి సంతకి ఆమె రాలేదు. ఆ తర్వాతా రాలేదు. చిన్నాన్న లారీ ఆగే చోటికి వెళ్లి నిలబడి, ఉత్త చేతులతో తిరిగి వచ్చేవాడు. పడవ ముక్కు మీద ఆయన గీసిన గీత మొదటిసారి వంకర పోయింది. నానమ్మ అది చూసింది. ఆ రోజు చుట్ట ఆరిపోయినా మళ్లీ వెలిగించుకోలేదు.

వానలు వెనకపట్టాక ఒక రోజు మౌసీ వచ్చింది. వెంట మామగారు. ఎముకల మీద చొక్కా తగిలించినట్టున్న మనిషి. వసారాలో కూర్చుని రైలు చూపించమన్నాడు. నేను తెచ్చి ఇచ్చాను. ఆయన చివరి కిటికీని వెలుతురుకి పట్టుకున్నాడు. కళ్లు తుడుచుకున్నాడు, మళ్లీ చూశాడు. చూపుడు వేలితో లోటా దగ్గర తాకాడు.

"చఢ్ గయా," అన్నాడు. "మేరా బేటా చఢ్ గయా."

తర్వాత కోడలి తల మీద చెయ్యి పెట్టాడు. "అబ్ తూ ఉతర్ జా, మా."

అందరూ నా వైపు చూశారు. "ఆళ్లబ్బాయి రైలెక్కీసినాడంట," అన్నాను. "ఇంక మౌసీని దిగిపొమ్మంతన్నాడు."

నానమ్మ నోట్లోంచి చుట్ట తీసింది. "దిగి ఎక్కడికెల్తాదంట?"

ఆ మాట ఆయనకి ఎలా అర్థమైందో గానీ, నేను చెప్పకముందే ముసలాయన తల తిప్పి పాక వైపు చూశాడు. బోర్లించిన పడవ కింద నుంచి చిన్నాన్న పాదాలు కనిపిస్తున్నాయి.

"ఒలమ్మో!" అంది నానమ్మ. "కులం తెల్దు, బాస తెల్దు. రేపు దాని మొగుడొచ్చి గుమ్మంలో నిలబడితే ఏటి సెప్తారు?"

చిన్నాన్న పాదాలు కదిలాయి. ఆయన బయటికి వచ్చి నిలబడ్డాడు. మోకాళ్ల నిండా మట్టి.

"ఆయనొస్తే నానే దగ్గరుండి అప్పసెప్పీస్తాను," అన్నాడు. "ఒచ్చేదాకా నా కాడుంటాది. ఆ యమ్మకిట్టమైతేనే."

అది నేను హిందీలో చెప్పలేకపోయాను. అప్పసెప్పడానికి హిందీ మాట నాకు తెలీదు. అవసరం కూడా లేకపోయింది. మౌసీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గోడ వైపు తిరిగి నిలబడింది. కాసేపటికి అటే తిరిగి ఉండి తల ఊపింది.

నానమ్మ చుట్టని వేళ్ల మధ్య అటూ ఇటూ తిప్పింది. చివరికి ముసలాయన వైపు గడ్డంతో చూపించి, "మరీయన్నెవులు సూత్తారు?" అంది. దాంతో ఆమె ఒప్పుకున్నట్టేనని మాకందరికీ అర్థమైంది.

"నాను సూత్తాను. ఆలూరే ఎల్లిపోతాను," అన్నాడు చిన్నాన్న.

కొడుకు వెళ్లిపోతాడని నానమ్మ అనుకోలేదు. అప్పుడు ఏడ్చింది.

పెళ్లి చిన్న గుడిలో జరిగింది. మౌసీ మాకు చిన్నమ్మ అయింది. మేము రైలు పట్టుకెళ్లి ఆమెకి ఇవ్వబోయాం. ఆమె మళ్లీ మా చేతుల్లోనే పెట్టి, "ఇక్కడే ఉండనీ. మీతో ఆడుకోనీ," అంది. లారీ ఎక్కి వాళ్లు వెళ్లిపోయారు. నేను ఒడ్డున, చిన్నాన్న సగం రంగు వేసి వదిలేసిన పడవ పక్కన కూర్చుని, బాగా చీకటి పడకముందే ఇంటికి వచ్చేశాను. ఇంట్లో అందరూ మామూలుగా ఉన్నట్టు నటిస్తున్నారు. నేనూ నటించాను.

బడి సెలవుల్లో ఫెరార్గంజ్ వెళ్లేవాళ్లం. అడవి అంచున వాళ్ల ఇల్లు. పొద్దున్నే మంచులోంచి చిలకల గుంపులు, వడ్ల వాసన, చిన్నమ్మ ఆవపిండి పెట్టి వండిన చేప. చిన్నాన్న నాగలికి పడవ రంగులు వేశాడు, పొడుగునా వణకని తెల్లగీత గీశాడు. ముసలాయన మా తమ్ముణ్ణి ఒళ్లో కూర్చోబెట్టుకుని బెంగాలీలో ఏవేవో చెప్పేవాడు. వాడికి అర్థం కాకపోయినా నవ్వేవాడు. నానమ్మ మొదటిసారి అక్కడికి వచ్చినప్పుడు ఆవపిండి కూర ముట్టనంది. రెండో పూట ముట్టింది. మూడో పూట ఎలా వండాలో అడిగింది.

ఒక సంగతి మాత్రం నేను పెద్దయ్యాక గమనించాను. కలకత్తా నుంచి ఓడ వచ్చిన రోజున చిన్నాన్న ఏ పని ఉన్నా పోర్ట్ బ్లెయిర్ వచ్చేవాడు. హార్బరు గేటు దగ్గర నిలబడి, దిగే మనుషుల మొహాలు చూసేవాడు. చప్పిడి ముక్కు, ఉంగరాల జుట్టు. అందరూ దిగేదాకా ఉండి, చిన్నమ్మకి ఏదో ఒకటి కొనుక్కుని వెళ్లేవాడు. ఆమె ఎందుకెళ్లావని అడిగేది కాదు. జుట్టు నెరిసేదాకా అలా వెళ్లాడు. ఎవరూ రాలేదు.

ఇప్పుడు వాళ్లిద్దరూ లేరు. నేను బోర్లా పడుకుని రైలు చూసిన ఆ మట్టినేల ఉన్న చోట ఇప్పుడు సిమెంటు మేడ ఉంది. ఒక్కోసారి వాన మొదలైనప్పుడు మాత్రం, కుర్చీలో కూర్చుని ఉండగానే, నేనూ ఇల్లూ మంచమూ కదులుతున్నట్టు ఉంటుంది.

వాళ్లు ఉన్న రోజుల్లో, వాళ్ల పిల్లలు పెద్దయ్యాక, భీమిలిలో ఒక చుట్టాల పెళ్లికి నేరుగా వెళ్లే ఓడ దొరక్క, ఓడలో కలకత్తా వెళ్లి, అక్కడ రైలెక్కాం. చిన్నాన్నకీ నాకూ అదే మొదటి రైలు. మెట్టు దగ్గర చిన్నమ్మ ఆగింది. వెనక జనం తోస్తున్నారు. చిన్నాన్న ఆమె చెయ్యి పట్టుకున్నాడు. ఆమె ఎక్కింది. బండి కదిలాక కాసేపు బిగుసుకుని కూర్చుంది. తర్వాత ఆయన భుజం మీద తల వాల్చి, నోరు కొంచెం తెరుచుకుని, పసిపిల్లలా నిద్రపోయింది. స్టేషన్లు వచ్చాయి, పోయాయి. అరుపులు, టీ కేకలు. ఆమె లేవలేదు.

కిటికీ బయట పొలాలు, తర్వాత పొలాలు, తర్వాత ఇంకా పొలాలు. పుట్టినప్పటి నుంచి ఎటు తిరిగినా నీళ్లు చూసిన కళ్లు నావి. ఇంత నేల ఉంటుందని నాకు తెలీదు. చిన్నాన్న చాలాసేపు ఆ కిటికీ, ఈ కిటికీ చూశాడు. భుజం కదిలితే ఆమె లేస్తుందని తల మాత్రమే నా వైపు తిప్పి, గుసగుసగా అడిగాడు.

"సముద్రం ఏ పక్కనుందే?"

నేనూ అటూ ఇటూ చూశాను. నాకూ తెలియలేదు.